పోర్టేజ్‌లో ప్లాటిపస్ నోటుపుస్తకాలు

2011 అక్టోబరులో ఒక మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మావారు రవి నన్ను ప్లేనోలోని పార్కర్ రోడ్ స్టేషన్ దగ్గర దింపారు. అక్కణ్ణించి డాలస్ యూనియన్ స్టేషన్‌కి లోకల్ రైల్లో ముప్పావుగంట. చికాగో రైలు మూడూ నలభైకి. "ఇన్సులిన్ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంచుకో, సూట్‌కేస్‌లో పెట్టకు" అని అప్పటికి మూడోసారి చెప్పారు. చెప్పి, కారు వెనక్కి తిప్పకుండా రైలు కదిలేదాకా అక్కడే నిలబడ్డారు.

విమానంలో అయితే రెండున్నర గంటల ప్రయాణం. కానీ ఆపరేషన్ అయ్యాక విమానం కిందికి దిగేటప్పుడు ముఖం లోపల నొప్పి భరించలేకపోతున్నాను. అందుకే రైలు.

ఆ ఆపరేషన్ సంగతి చెప్పకపోతే ఈ ప్రయాణం సంగతి అర్థం కాదు. రెండేళ్ళ కిందట నాకు మ్యూకర్ అనే ఫంగస్ సోకింది. అదేమీ అరుదైన వస్తువు కాదు. మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో, పాచిపోయిన రొట్టె మీద కనిపించే బూజుల జాతిదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ జోలికి సాధారణంగా రాదు. నాకు షుగరు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని; రిలీజుల హడావిడిలో మందులు ఒకపూట వేసుకుని రెండుపూటలు మానేసిన రోజులవి. మొదట పంటినొప్పి అనుకున్నాను. తర్వాత బుగ్గ వాచింది. ఒక శుక్రవారం పొద్దున నాలుకతో తడుముకుంటే అంగిలి మీద ఏదో గరుకుగా తగిలింది. అద్దంలో చూసుకుంటే నల్లటి మచ్చ.

ఆ సాయంత్రమే నా అంగిలిలో ఒక పక్క, దానితోపాటు ఐదు పళ్ళు, దవడ ఎముకలో కొంత తీసేశారు. ఆరు వారాలు సెలైన్‌లో మందు ఎక్కించారు. ఇప్పుడు అంగిలి స్థానంలో తీసిపెట్టుకునే ప్లేట్ ఒకటి ఉంది. అది పెట్టుకుంటేనే నా మాట మనిషి మాటలా ఉంటుంది.

ఆ మధ్య చెకప్‌కి వెళితే సర్జన్ అన్నాడు: "నీకొక విషయం ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు నీ ముక్కులోంచి తీసిన ముక్కని ల్యాబ్‌లో ఒకావిడ చూసింది. రిపోర్టు టైప్ చేసి పంపకుండా నేరుగా నాకే ఫోన్ చేసింది. ఇది మ్యూకర్, ల్యాబ్‌లో బూజు పెంచి చూసే కల్చర్ కోసం ఆగొద్దు, ఇప్పుడే కోసెయ్ అంది. సోమవారం దాకా ఆగి ఉంటే నువ్విక్కడ కూర్చుని ఉండేదానివి కాదు."

ఆవిడ పేరు లోయిస్. అప్పటికే రిటైరై విస్కాన్సిన్‌లోని పోర్టేజ్ అనే చిన్న ఊళ్ళో, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను రాసిన ఉత్తరాన్ని సర్జన్ ఆవిడకి పంపించాడు. పది రోజులకి జవాబు వచ్చింది. లావుపాటి నల్ల మార్కర్‌తో, ఒక్కొక్క అక్షరం బొటనవేలంత. "థాంక్స్ చెప్పడానికి అంత దూరం రానక్కర్లేదు. కానీ నీకు కళ్ళు బాగా కనిపిస్తాయా? కనిపిస్తే రా. నా ప్లాటిపస్ పుస్తకాలు చదివిపెట్టే మనిషి కావాలి."

ప్లాటిపస్ గురించి నాకు తెలిసిందల్లా చిన్నప్పటి క్విజ్ పోటీల్లో ప్రశ్న ఒక్కటే: పాలిచ్చే జంతువే అయినా గుడ్లు పెట్టేది ఏది? ఆ జంతువుకీ నా అంగిలికీ ఏమిటి సంబంధమో అనుకుంటూ టికెట్ బుక్ చేశాను.

రైలు సమయానికే కదిలింది. ఈ దారిన వెళ్ళేవారికి ఒక మాట: శాలువా తప్పనిసరి, ఏసీ అర్కాన్సా దాటేదాకా వణికిస్తుంది. తిండి కూడా తెచ్చుకోవడం మంచిది. నేను మెత్తటి ఇడ్లీలు నెయ్యీ కారప్పొడీ రాసి తెచ్చుకున్నాను. ఆరు దాటాక లాంగ్‌వ్యూలో ఒక నల్లజాతి పెద్దావిడ ఎక్కి నా పక్క సీట్లో కూర్చుంది. సెయింట్ లూయీలో మనవరాలికి కాన్పయిందట, చూడ్డానికి వెళుతోంది. నేనెక్కడికని అడిగితే చెప్పాను. ఆవిడ నావైపు తిరిగి కూర్చుంది.

"నేను ముప్పయ్యేళ్ళు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికాను. నర్సులకి పువ్వులు తెస్తారు, డాక్టర్లకి కేకులు తెస్తారు. కింద బేస్‌మెంట్‌లోకి మాత్రం ఎవరూ రారు. నువ్వు వెళుతున్నావు. మంచి పని చేస్తున్నావు" అంది. ఇడ్లీ ఒకటి ఇస్తే తిని, కారప్పొడికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకొకటి అడిగి తీసుకుంది.

పొద్దున ఏడున్నరకి ఆవిడ సెయింట్ లూయీలో దిగిపోయింది. తర్వాత మిసిసిపీ, ఆపైన కోతలైన మొక్కజొన్న చేలు, చేలు, చేలు. రెండు గంటలకి చికాగో. మళ్ళీ సబర్బన్ రైలెక్కి షామ్‌బర్గ్‌లో దిగాను. నాతో హైదరాబాద్‌లో ఎంసీఏ చదివిన స్వర్ణ అక్కడే ఉంటుంది. వరంగల్ మనిషి. నాకోసం పెసరపప్పు మెత్తగా ఉడికించి పెట్టింది.

"ఎవరో ల్యాబ్ ఆమెకు థాంక్స్ చెప్పనీకి గింత దూరం ఎవరన్న పోతరానే? ఒక కాల్ చేస్తే అయిపోతుండె" అంది.

"మూడుసార్లు డయల్ చేశానే. ఆవిడ హలో అనకముందే ఏడుపొచ్చేస్తోంది. కట్ చేసేశాను."

స్వర్ణ నా గిన్నెలో ఇంకో గరిటె పప్పు వేసింది. దాని పన్నెండేళ్ళ కూతురు మేఘన మాత్రం సందేహంగా నావైపు చూసింది. "ఆంటీ, ప్లాటిపస్ ఆస్ట్రేలియాలో ఉంటది. యూ ఆర్ గోయింగ్ టు ద రాంగ్ కంట్రీ."

గురువారం మధ్యాహ్నం రెండుంబావుకి చికాగోలో మళ్ళీ రైలు. ఎదుటి సీట్లలో కార్లూ కరెంటూ వాడని ఆమిష్ శాఖ క్రైస్తవ కుటుంబం ఒకటి, తండ్రికి గడ్డం, నల్ల టోపీ. తల్లి ఒళ్ళో పసిబిడ్డ. మిల్వాకీ దాటాక ఆకులన్నీ ఎర్రగా, పసుప్పచ్చగా ఉన్నాయి. టెక్సస్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్న నాకు ఆ రంగులు కొత్త. ఐదూ ముప్పయ్యయిదుకి పోర్టేజ్. దిగింది ముగ్గురం.

ప్లాట్‌ఫాం మీద పొడుగ్గా, సన్నగా, తెల్లజుట్టుతో ఒకావిడ రబ్బరు బూట్లు వేసుకుని నిలబడి ఉంది. డెబ్బై రెండేళ్ళని తర్వాత తెలిసింది. నావైపు కాకుండా నా చెవి పక్కకి చూస్తూ చెయ్యి చాచింది.

"రిటైరయ్యాక నా కళ్ళలో మధ్య చూపు పోయింది. పక్క చూపే మిగిలింది. నీ ముఖం కనపడాలంటే నీ చెవివైపు చూడాలి. ఏమీ అనుకోకు."

రైల్లో రెండు రోజులు వల్లెవేసుకున్న మాటలు నాకొక్కటీ నోటికి రాలేదు. ఆ చెయ్యి పట్టుకుని నిలబడిపోయాను. "సరేలే, ముందు సూప్ తాగుదాం" అంది లోయిస్. చెల్లెలు కారు నడిపింది. నేను బుక్ చేసుకున్న మోటెల్‌ని వాళ్ళే ఫోన్ చేసి క్యాన్సిల్ చేయించేశారు. మేడ మీద గదిలో నా పక్క వేసి ఉంది.

భోజనం దగ్గర నేను మెల్లగా తింటుంటే లోయిస్ అడిగింది: "ప్లేట్ నొప్పి పెడుతుందా?"

"సాయంత్రానికి ఒరుసుకుంటుంది."

"అయితే తీసెయ్. ఈ ఇంట్లో మొహమాటం లేదు."

అంతవరకూ డాక్టర్లూ రవీ తప్ప ఇంకెవరూ నన్ను ప్లేట్ లేకుండా చూడలేదు. మా అమ్మకి కూడా చూపించలేదు. తీసి, కడిగి, డబ్బాలో పెట్టుకున్నాను. నా మాట ముక్కులోంచి గాలిపోయినట్టు వచ్చింది. లోయిస్ తల పక్కకి వంచి శ్రద్ధగా విన్నది, అర్థం కానప్పుడు మళ్ళీ చెప్పమంది, అంతే. నేను చెప్పాలనుకున్నది అప్పుడు చెప్పాను. ఆ గొంతుతోనే. ఏడవకుండా చెప్పగలిగాను.

"నేను కోటు వేసుకుని ఉన్నానారోజు. ఇంటికి బయల్దేరాను. కుర్రాడు నీ శాంపిల్ ట్యూబ్ తెచ్చి పెట్టాడు. స్లైడ్ చూడ్డం మూడు నిమిషాల పని, చూసేసి పోదామనుకున్నాను. చూశాక కూర్చోవలసి వచ్చింది" అంది లోయిస్. సూప్ గిన్నె పక్కకి జరిపి, "ఆ ఫంగస్ బంధువుల్ని నేను ఎరుగుదును. వేరే దేశంలో, వేరే ఒంట్లో" అంది.

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకి వంటింటి బల్ల మీద ఆ పుస్తకాలు పెట్టింది. తొమ్మిది. అట్టలు నీటికి ఉబ్బిపోయి, పేజీలు కొన్ని అతుక్కుపోయి, మట్టి మరకలతో ఉన్నాయి. లోయిస్ భర్త బడిపంతులు. తొంభైలలో ఆయనకి టాస్మేనియాలో ఉద్యోగం వస్తే ఆరేళ్ళు అక్కడున్నారు. అది ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న ద్వీపం. ఈవిడ ఒక పశువుల ల్యాబ్‌లో చేరింది. అక్కడి వాగుల్లో ప్లాటిపస్‌లకి తోక మీద, కాళ్ళ మీద, వీపు మీద పుళ్ళు లేస్తున్నాయని రైతులు చెప్పేవారు. ఆ పుళ్ళకి కారణం కూడా ఒక మ్యూకరే.

"నీకు వచ్చినది కాదు. దానికి దాయాది అనుకో" అంది లోయిస్. "ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో కప్పల్లో ఉంటుంది అది. అక్కడి ప్లాటిపస్‌లకి ఏమీ కాదు. ఈ ద్వీపంలో మాత్రం వాటిని తినేసేది. ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. కప్పతోనే వచ్చిందని అనుకునేవాళ్ళం."

సాయంత్రాలు వాగుకి అడ్డంగా వలలు కట్టేవారట. పడినదాన్ని దిండుగలీబులో వేసి, తూచి, చర్మం కింద నంబరున్న చిన్న చిప్ పెట్టి, పుండుంటే కొలిచి, ముక్క తీసి మళ్ళీ నీళ్ళలో వదిలేసేవారు. "తడిసిన మఖమల్‌లా ఉంటుంది. ముక్కు చూసి గట్టిదనుకుంటావు, తాకితే మెత్తటి తోలు. మగదాని మడమకి విషపు ముల్లుంటుంది. నన్ను రెండుసార్లు పొడవబోయింది" అంటూ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "పుండు పడ్డవి మళ్ళీ వలలో పడేవి కావు. ఎముక కనపడేంత పుళ్ళు చూశాను. ఆ కాళ్ళతో గట్టు తవ్వుకోలేవు, తోకతో ఈదలేవు. వదిలేసి వచ్చేవాళ్ళం. మా దగ్గర మందు లేదు" అంది.

ఆవిడకి కావలసింది ఒక్కటి. టాస్మేనియాలో ఇప్పుడు ఆ పని చేస్తున్నవాళ్ళు పాత మనుషులందరికీ ఉత్తరాలు రాశారు: పుండు మానిన ప్లాటిపస్‌ని ఎవరైనా మళ్ళీ పట్టుకున్నారా? ఒకదాన్ని చూశానని లోయిస్‌కి గుర్తు. ఆడది, తోక మొదట్లో పుండు. కానీ గుర్తుంది అంటే చాలదు, నంబరు కావాలి. చెల్లెలు మొదటి పుస్తకం సగంలో ఆ చేతిరాతకి దణ్ణం పెట్టి లేచిపోయిందట.

నాకు ఇలాంటి పని అలవాటే. పదమూడేళ్ళుగా కంప్యూటర్ తన పని రాసిపెట్టే లాగ్ ఫైళ్ళు చదివి, ఎక్కడ ఏది తేడాగా ఉందో వెతకడమే నా ఉద్యోగం. ఒక కాగితం మీద గళ్ళు గీసి, పుండున్న ఆడవాటి నంబర్లు మాత్రం రాసుకుంటూ పోయాను. నేను పైకి చదువుతున్నాను, లోయిస్ కళ్ళు మూసుకుని వింటోంది. "పెద్ద మగది, వెనక కాలు, ఎముక దాకా." "చిన్నది, వీపు, చీము." "అవును, ఆ వాగు దగ్గర విల్లో చెట్టుండేది" అని మధ్యలో అనేది.

మధ్యాహ్నం రొట్టె, సూప్. నేను నాలుగో పుస్తకంలో ఉన్నాను. మూడు దాటాక దొరికింది: ఆడది, నంబరు చివర 4417, తోక మొదట్లో రూపాయి బిళ్ళంత పుండు, ముక్కు కుడి అంచున చిన్న నొక్కు. లోయిస్ కళ్ళు తెరిచింది. "ఆ నొక్కు! అదే. ఇక ముందుకి వెతుకు."

ఆరో పుస్తకంలో, పద్నాలుగు నెలల తర్వాతి పేజీలో, ఉన్నది. ఆడది. తోక మొదట్లో వెంట్రుకలు లేని మచ్చ, మానినది. ముక్కు కుడి అంచున నొక్కు. కింది వరుస మట్టి మరకలో మునిగిపోయింది. లోయిస్ లేచి నా భుజం పట్టుకుంది. "చెప్పానా! చెప్పానా నేను!" అని చెల్లెల్ని కేకేసింది.

నేను మాత్రం నంబరు చూస్తున్నాను. 4411.

పదిహేడు కాదు, పదకొండు. ఎంత తిప్పి చూసినా పదకొండే. ఒక్క అంకె. చూడలేని మనిషికి నేను చదివిందే వేదం. పదిహేడని చదివితే అడిగేవాళ్ళు లేరు. పైగా ఆవిడకి నేను బాకీ ఉన్నది చిన్నదీ చితకదీ కాదు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. పేజీ మీద వేలు ఆనించి చెప్పాను.

"లోయిస్, నంబరు కలవడం లేదు. ఇక్కడ 4411 అని ఉంది."

ఆవిడ కూర్చుంది. "నాకోసం దాన్ని ఏడు చెయ్యకు" అంది. "చెయ్యలేదు. అందుకే చెప్పాను" అన్నాను. "మంచిది" అని, కుర్చీలోంచి లేచి, రబ్బరు బూట్లు వేసుకుని నదివైపు నడిచి వెళ్ళింది. ఆ సాయంత్రం నేను బియ్యం, పెసరపప్పు కలిపి పులగం వండాను. అక్కచెల్లెళ్ళిద్దరూ రెండోసారి వడ్డించుకున్నారు, అదొక్కటే ఊరట.

శనివారం తెల్లారి నాకొక ఆలోచన వచ్చింది. 4411 అనే చిప్ నిజంగా ఉంటే, అది పెట్టిన రోజు కూడా ఎక్కడో రాసి ఉండాలి కదా. లోయిస్ లేచేలోగానే కాఫీ పెట్టుకుని మొదటి పుస్తకం నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పుండు లేనివాటిని కూడా వదల్లేదు. పదిన్నరకి ఐదో పుస్తకంలో కనపడింది. 4411. పెద్దది. పుండు లేదు. మగది, మడమ ముల్లు ఇంత పొడుగని కొలత కూడా ఉంది.

"అయితే రెండోసారి పట్టుకున్నది ఆడది కాబట్టి 4411 అయ్యే వీల్లేదు. మీరు ఏడు రాయబోయి ఒకటి రాశారు" అన్నాను.

లోయిస్ తొందరపడలేదు. "లేదా నంబరు సరిగానే రాసి, మగదాన్ని పొరపాటున ఆడదని రాశానేమో. వానలో రాసేవాళ్ళం. నొక్కు ఇంకోదానికి కూడా ఉండొచ్చు. ఇంకేమైనా ఉందా ఆ పేజీలో?"

మట్టి మరక కింద ఉన్న వరుస మిగిలింది. చెల్లెలు పెయింటింగ్‌కి వాడే మెత్తటి కుంచె తెచ్చింది. ఎండిన మట్టిని కొద్దికొద్దిగా దులిపి, కాగితాన్ని కిటికీకి ఆనించి పట్టుకుంటే పెన్సిలు గీతలు వెలుతురులో మెరిశాయి. బరువు పెరిగింది అని ఒక ముక్క. దాని పక్కన ఇంకో మాట. చదివాను.

"పాలిస్తోంది."

ముందు చెల్లెలు నవ్వింది. "ఏ మగదీ అంత పొరపాటు చెయ్యదే అక్కా" అంది.

లోయిస్ నవ్వలేదు. తల పక్కకి తిప్పి, తనకి మిగిలిన ఆ పక్క చూపుతో పేజీని పట్టుకోవాలని చూస్తోంది. "దానికి పిల్లలున్నాయి. అది నాకు గుర్తే లేదు. మానడం గుర్తుంది కానీ పిల్లలున్నాయని మర్చిపోయాను" అంది. చెంపల మీదుగా కన్నీళ్ళు జారుతుంటే తుడుచుకోలేదు. "ఆ ఆరేళ్ళూ చావులు లెక్కపెట్టడానికే వెళ్ళాననుకున్నాను ఉషా. థాంక్యూ."

ఆవిడ నోట ఆ మాట వినడానికి నేను సిద్ధపడి రాలేదు.

మధ్యాహ్నం టాస్మేనియాకి ఉత్తరం ఆవిడ చెబుతుంటే నేను నా ల్యాప్‌టాప్‌లో టైప్ చేశాను. నంబరు తేడాని దాచవద్దంది. ఏ పుస్తకంలో ఏ పేజీలో ఏముందో, మేము ఎందుకిలా అనుకుంటున్నామో, ఎంతవరకు నమ్మవచ్చో అంతా రాయించింది. చివర "చదివినది: ఉష, ప్లేనో, టెక్సస్" అని చేర్చమంది. ఆ తర్వాత ముగ్గురం విస్కాన్సిన్ నది ఒడ్డున గంటసేపు నడిచాం. ఆ నీళ్ళలో ప్లాటిపస్ ఉండదు కానీ, లోయిస్ అలవాటుకొద్దీ ప్రతి మలుపు దగ్గరా ఆగి గట్టువైపు చెవి పెట్టేది.

ఆదివారం పన్నెండూ ఇరవై నాలుగు రైలు అరగంట ఆలస్యం. ప్లాట్‌ఫాం మీద చలిగాలి. "షుగరు చూసుకుంటున్నావా?" అని లోయిస్ అడిగింది. రోజుకి నాలుగుసార్లన్నాను. "ఐదు చెయ్" అంది. ముందు నన్ను ఆవిడ కౌగలించుకుందో నేనే కౌగలించుకున్నానో చెప్పలేను. రైలు కదిలాక చూస్తే, ఆవిడ నా పెట్టెవైపు కాక దాని వెనక పెట్టెవైపు తిరిగి చెయ్యి ఊపుతోంది. నన్ను చూస్తోందని నాకు తెలుసు.

నాలుగున్నరకి చికాగో; స్వర్ణ ఇంట్లో మకాం; సోమవారం మధ్యాహ్నం ఒకటీ నలభై అయిదుకి డాలస్ రైలు. తిరుగుప్రయాణంలో పక్క సీటు ఖాళీ. చేలు, చేలు, చేలు చూస్తూ ఆ ఆడ ప్లాటిపస్ గురించే ఆలోచించాను. దానికి మందు ఎవరూ వెయ్యలేదు. పుండుతో వాగులోకి వదిలేశారు. ఎలా మానిందో లోయిస్‌కీ తెలియదు, ఇప్పుడు అక్కడ వెతుకుతున్నవాళ్ళకీ తెలియదు. అది ఒంటరిగా ఏ గట్టు బొరియలోనో పడుకుని నయమైంది. నేనలా నయం కాలేదు. నన్ను నయం చేసినవాళ్ళని వేళ్ళ మీద పేరుపేరునా చెప్పగలను: కోటు విప్పి మళ్ళీ కూర్చున్న మనిషి, కోసిన మనిషి, రాత్రులు సెలైన్ మార్చినవాళ్ళు, అంగిలి ప్లేట్‌ని పదకొండుసార్లు అరగదీసి సరిచేసినాయన, గంజి కాచి స్పూన్‌తో పట్టిన రవి. నా దుప్పట్లు ఉతికినవాళ్ళ పేర్లు మాత్రం తెలియవు. ఈ యాత్రలో నేను తెలుసుకున్నదేమిటని ఎవరైనా అడిగితే ఇంతే చెబుతాను: బతికి బయటపడటం అదృష్టం, వెళ్ళి కలవడానికి మనుషులుండటం అంతకన్నా పెద్ద అదృష్టం.

మంగళవారం పదకొండున్నరకి డాలస్. రవి ప్లాట్‌ఫాం మీదికే వచ్చి సూట్‌కేస్ అందుకున్నారు.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది?"

"తనే నాకు చెప్పింది" అన్నాను.